ఆరంట్ ఈతగాడు

మా ఊళ్లో నాకు ఇంగ్లీషు చంద్రరావని పేరు. ఆ పేరు ఎంతవరకు న్యాయమో ఇదంతా చదివాక మీరే చెప్పండి.

నరసాపురంలో నాలుగేళ్లు చదివాను. ఐదో ఏడు మా నాన్న పోయాడు, వరిచేలు నా నెత్తిన పడ్డాయి. చదువుకు గుర్తుగా నేను ఇంటికి తెచ్చుకున్నది ఒక్కటే, పంతులుగారు దయతలచి ఇచ్చిన పాత ఇంగ్లీషు నిఘంటువు. దాన్ని భద్రంగా అటకమీద పెట్టి రెండేళ్లు మరిచిపోయాను. దింపి చూసేసరికి మొదటి అక్షరంతో మొదలయ్యే మాటలన్నిటినీ చెదలు తినేశాయి. అప్పట్నుంచి నా ఇంగ్లీషు రెండో అక్షరంతో మొదలవుతుంది.

"ముందు భాగం పురుగులు చదువుకున్నాయి, మిగిలింది మీరు చదువుకోండి" అంది మా ఆవిడ రత్నమాణిక్యం. ఆవిడకి అక్షరం ముక్క రాదు గానీ నన్ను దెప్పడానికి ఏ చదువూ అక్కర్లేదు.

గోదావరికి ఆనకట్ట కట్టి అప్పటికి ముప్పై ఏళ్లు దాటింది. ఊరూరికీ కాలువ వచ్చింది, కాలువ వెంట లాకులు, లాకుల వెంట దొరలు. దొరకి తెలుగులో అర్జీ పెడితే అది గుమస్తాల చేతుల్లో నలిగి ఎప్పటికో పైకి వెళ్తుందని, ఇంగ్లీషులో పెడితే నేరుగా దొర కంట్లో పడుతుందని జనం నమ్మకం. అలా మా అరుగు అర్జీల అరుగైంది. ఒక కొబ్బరి గెలో, బుట్టెడు వంకాయలో తెచ్చి అరుగు మీద పెట్టి, "బాబ్బాబు, గట్టిగా రాయండి" అనేవాళ్లు. ఎవరొచ్చినా ఆ మాటే. విషయం ఏమైనా సరే, గట్టిగా ఉండాలి.

గట్టిమాట నాకు కోర్టులో దొరికింది. ఒక గట్టు తగాదాలో సాక్ష్యానికని నరసాపురం వెళ్లి, నా వంతు కోసం కూర్చున్నాను. ముందు కేసులో ముద్దాయిని దొర "ఆరంట్ థీఫ్" అన్నాడు. పక్కనున్న దుబాసీ లేచి, "నువ్వు గజదొంగవని దొరవారు అంటున్నారు" అని ముద్దాయికి తెలుగు చేశాడు. థీఫ్ అంటే దొంగని నాకు తెలుసు. కాబట్టి ఆరంట్ అంటే గజ. సరిచూసుకుందామంటే ఆ మాట ఉండాల్సిన చోట చెదలు తిన్న బొక్కే ఉంది. అయినా సందేహం దేనికి? రెండు చెవులతో విన్నానాయె.

ఇంక చూడండి నా ప్రతాపం. గజకి పనికొచ్చిన మాట పచ్చికి మాత్రం ఎందుకు పనికిరాదు? పరమకి? కటికకి? చేను మునిగిపోయిన కటిక పేద రైతుని ఆరంట్ పేదవాణ్ణి చేశాను. మా మునసబు పెద్దిరాజుగారు దొరకి పంపే ప్రతి కాగితం కింద, పరమ విధేయుడు అనడానికి, ఆరంట్ విధేయుడు అని రాసి ఆయన చేత సంతకం పెట్టించాను. ఆయనకి ఆ మాట చప్పుడు బాగా నచ్చింది. "ఆ ఆరంట్ వేశావా, చంద్రరావ్?" అని అడిగి మరీ సంతకం పెట్టేవారు. విచిత్రం ఏమిటంటే మా ఊరి అర్జీలకి జవాబులు వచ్చేవి. పక్క ఊళ్ల అర్జీలు కట్టల్లో మగ్గుతుంటే మాకు తూము వచ్చింది, కాలిబాట వంతెన వచ్చింది. నేను కాస్త మెడ నిక్కించి నడిచానంటే తప్పు నాది కాదు.

అలా మూడేళ్లు గడిచాక లోవరాజు, అతని పెళ్లాం లోవలక్ష్మి మా అరుగు దగ్గరికి వచ్చారు. సముద్రం మీద వేటకి వెళ్లే కుటుంబం వాళ్లది, మొగల్తూరు అవతల తీరంలో గుడిసె. లోవరాజు నాకంటే రెండేళ్లు చిన్న. మాటలు తక్కువ. ఏటా వరదల్లో కాలవలో కొట్టుకుపోయే దూడల్నీ మనుషుల్నీ ఒడ్డుకి లాగేది అతనే. గజ ఈతగాడని చుట్టుపక్కల పది ఊళ్లు ఒప్పుకున్న మనిషి.

మాట్లాడింది లోవలక్ష్మి.

"మా అన్నదమ్ములిద్దరూ పోయిన కార్తీకంలో సముద్రం మీదికెళ్లి తిరిగి రాలేదండి. తెప్ప ఒక్కటే కొట్టుకొచ్చిందండి. ఇంక ఈయన్ని నేను పంపలేనండి. పంపితే ఈయన వచ్చేదాకా నాకు అన్నం లోపలికి దిగట్లేదండి. లాకు దగ్గర తలుపులు తీసి మూసే లస్కరు పని ఖాళీ ఉందంట. మీరు దొరగారికి ఒక ముక్క గట్టిగా రాయండి, బాబూ."

లోవరాజు తల వంచుకుని నేల గీరుతున్నాడు. "నీకూ ఇష్టమేనా?" అని అడిగాను.

"ఆయ్" అన్నాడు. నేల గీరడం ఆపకుండానే, "అది తినడం మానేసిందండి" అన్నాడు.

ఆ రోజు అర్జీ నేను ప్రాణం పెట్టి రాశాను. కాపీ చేసి, మళ్లీ కాపీ చేసి, మచ్చ లేకుండా రాశాను. ఇతను ఆరంట్ ఈతగాడు, ఆరంట్ నమ్మకస్తుడు, లాకుకి ఇంతకన్నా ఆరంట్ మనిషి దొరకడు అని మూడుసార్లు మాట వేశాను. ఒకసారి వేస్తే తూము వచ్చింది కదా, మూడుసార్లు వేస్తే పని రాకుండా పోతుందా అని నా లెక్క.

పన్నెండో రోజున కబురు వచ్చింది. అర్జీదారు, అర్జీ రాసినవాడు ఇద్దరూ లాకు దగ్గరికి రావాలి, కాలువ ఇంజనీరు దొర అక్కడి బంగళాలో విడిది చేశాడు. ఊరికి గౌరవం దక్కుతోందని పెద్దిరాజుగారు కూడా తలపాగా చుట్టుకుని బయలుదేరారు. లోవలక్ష్మి కొంగున గంగమ్మవారి పసుపు మూటగట్టుకుని వచ్చింది. పని దొరికితే లాకు తలుపుకి ఆ పసుపు రాయాలని మొక్కుకుందట.

లాకు చేరేసరికి పడవలు బారులు తీరి ఉన్నాయి. పైనా కిందా రెండు జతల తలుపుల మధ్య నీళ్లు నింపి, పడవని ఒక మట్టం నుంచి ఇంకో మట్టానికి దింపడమో ఎక్కించడమో లాకు పని. ఇక్కడేమో నింపిన నీళ్లు నిలవడం లేదు. పడవ లోపలికి వచ్చేలోగా మట్టం పడిపోతోంది. దిగువ తలుపుల చెక్కలు రెండుసార్లు మార్చారట, అయినా అదే తంతు. పడవలు నడిపే సరంగులు అరుస్తున్నారు, వడ్రంగులు తలలు పట్టుకున్నారు. లోవరాజునీ లోవలక్ష్మినీ గట్టు మీద ఉండమని, నేనూ పెద్దిరాజుగారూ బంగళా వరండా ఎక్కాం.

దొరకి నలభై ఏళ్లుంటాయి, ఎండకి ముక్కు కందిపోయి ఉంది. బల్లమీద కాగితాల కట్ట. పై కాగితం నా చేతిరాతే. దాని కిందదీ నా చేతిరాతే. కట్ట మొత్తం నాదే.

"ఈ అర్జీలు వ్రాసినవారు మీరేనా?" అన్నాడు తెలుగులో. దొరలకి భాష నేర్పే మునిషీ దగ్గర పుస్తకాలు చదివి నేర్చుకున్న తెలుగు.

"చిత్తం" అన్నాను, గర్వంగానే.

"మూడు సంవత్సరములుగా నేను మిమ్ము చూడవలెనని కోరుచున్నాను. మీ గ్రామపు అర్జీ వచ్చిన దినమున నేను ఇతర కాగితములు ప్రక్కన పెట్టి ముందు దానిని చదువుదును. నా భార్యకు కూడ చదివి వినిపింతును."

పెద్దిరాజుగారు మీసం సవరించుకున్నారు. దొర ఆయన వంక చూసి, "ఈ పెద్దమనిషియేనా ఆరంట్ విధేయుడు?" అన్నాడు. అనేసి ఇక ఆపుకోలేక నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు గానీ, మెచ్చుకోలు నవ్వూ కాదు.

తర్వాత విడమరిచి చెప్పాడు. "పూర్వము మా దేశమున ఇల్లు వాకిలి లేక, దారులవెంట తిరుగుచు దోచుకొను దొంగలుండిరి. వారిని ఎరంట్ దొంగలనిరి. ఎరంట్ అనగా తిరుగాడువాడు. జనుల నోళ్లలో అది ఆరంట్ అయ్యెను. కొంతకాలమునకు తిరుగుట అను అర్థము పోయెను, దొంగతో పొత్తు మాత్రము మిగిలెను. ఇప్పుడు ఆరంట్ అనిన, దొంగలలోకెల్ల దొంగ, మోసగాండ్రలోకెల్ల మోసగాడు. మంచివాని ప్రక్కన ఆ మాటను ఎవరును కూర్చుండనీయరు."

నేను బిక్కచచ్చిపోయాను. మూడేళ్ల అర్జీలు కళ్లముందు కదిలాయి. మోసగాళ్లలో పేరుమోసిన పేద రైతు. దొంగల సరసన నిలబడిన విధేయ మునసబు. ఆ మాట పాపం దొంగతో తిరిగి తిరిగి చెడిపోయింది, నేను దాన్ని తెచ్చి ఊళ్లో ప్రతి పెద్దమనిషి పక్కనా పీట వేసి కూర్చోబెట్టాను.

"ఏ తలంపుతో వ్రాసితిరి?" అని అడిగాడు దొర.

"గజ అనే తలంపుతోనండి. మేము గజదొంగ అంటాం, గజ ఈతగాడు అంటాం."

"దొంగ వద్ద ఏనుగు ఎందులకు?"

"పెద్దది కదండి."

"ఈతగాని వద్ద?"

"అక్కడా పెద్దదేనండి."

దొర మళ్లీ నవ్వి, ఆ మాట తన చిన్న పుస్తకంలో రాసుకున్నాడు. కానీ పుస్తకం మూసేసరికి ముఖంలో నవ్వు లేదు. "వినోదము వినోదమే. పని పనియే. వెనుకటి లస్కరు వారమునకు మూడు దినములు కనబడకుండ తిరిగెను. లాకు వద్ద నిలుకడగలవాడు కావలెను. మీ వ్రాతలో ఈ మనిషి మూడు మారులు ఆరంట్. మీరు మంచియని వ్రాసితిరో, చెడ్డయని వ్రాసితిరో, తెలియక వ్రాసితిరో నాకెట్లు తెలియును? మరియొకడున్నాడు, పటాలములో పని చేసినవాడు. అతని కాగితము చక్కగానున్నది."

చూశారా నా గట్టిమాట ఎంత గట్టిపని చేసిందో. నా పక్కన పెద్దిరాజుగారు. ఆయన ఎదుట నాకు ఇంగ్లీషు రాదని ఒప్పుకుంటే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది, ఆ తర్వాత మా అరుగు ఎవరూ తొక్కరు. ఏదో అరవ మాటో, పంతులుగారి తప్పో అని సర్ది చెప్పడానికి నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ కిటికీలోంచి లోవలక్ష్మి కనబడుతోంది. కొంగు ముడి పట్టుకుని ఎండలో నిలబడి ఉంది, మనిషి వెదురుపుల్లలా ఉంది.

"అయ్యా, ఆ మాటకి అర్థం నాకు తెలియదండి. నా నిఘంటువులో ఆ పేజీలు చెదలు తినేశాయి. తెలియకుండానే మూడేళ్లు రాశాను. తప్పు నాది, ఆ మనిషిది కాదు. కాగితం చించేయండి, మనిషిని ఒక్కసారి చూడండి" అన్నాను.

పెద్దిరాజుగారు నావైపు తిరిగి చూసిన చూపు నాకు ఇప్పటికీ గుర్తే. దొర మాత్రం టోపీ తీసుకుని లేచాడు.

గట్టు మీదికి వచ్చేసరికి లోవరాజు లాకు మెట్ల మీద కూర్చుని, రెండు కాళ్లూ నీళ్లలో పెట్టి కళ్లు మూసుకుని ఉన్నాడు. దొరని చూసి లేచి దండం పెట్టాడు.

"దొరగారండీ, తలుపుల్లో తప్పేం లేదండి" అన్నాడు. "నీళ్లు తలుపుల్లోంచి పోతే పైపైన లాగాలండి. ఇక్కడ అడుక్కి లాగుతున్నాయండి. కింద ఎక్కడో బొక్క ఉందండి. సెలవిస్తే చూసొస్తానండి."

దొర వడ్రంగుల వైపు చూశాడు. వాళ్లు ఆకాశం వైపు చూశారు. "చూడు" అన్నాడు దొర.

లోవరాజు పెళ్లాం దగ్గరికి వెళ్లి చెయ్యి చాపాడు. "పసుపు ఇయ్యి."

"అది అమ్మవారిది."

"పడవకి చిల్లు ఎక్కడుందో తెలవకపోతే లోపల పసుపునీళ్లు పోసి, బయట ఎక్కడ పచ్చగా కారుద్దో చూత్తాం కదా. ఇదీ అంతే, పెద్ద పడవ."

ఆమె ఒక్క క్షణం ఆలోచించి ముడి విప్పి ఇచ్చింది. అతను పసుపు మూట తలపాగా గుడ్డలో చుట్టి, మునగడానికి ఒక బండరాయి చంకన పెట్టుకుని, ఎగువా దిగువా తలుపులన్నీ మూయించి నీళ్లలోకి దిగాడు. తల మునిగింది. నీళ్ల మీద నాలుగు బుడగలు లేచాయి. తర్వాత అవీ లేవు.

మేమంతా లాకు అంచున వంగి లోపలికి చూస్తున్నాం. లోవలక్ష్మి చూడలేకపోయింది. మొగుడు దిగిన నీళ్లకి వీపు పెట్టి, దిగువ కాలవ వైపు తిరిగి నిలబడింది. నేను మనసులో అంకెలు లెక్కపెట్టడం మొదలుపెట్టి నలభై దగ్గర తప్పాను. మళ్లీ మొదలుపెట్టాను. పెద్దిరాజుగారు నా భుజం గట్టిగా పట్టుకున్నారు. నా మీద కోపం ఆ కాసేపు మరిచిపోయినట్టున్నారు. అసలు గొప్ప ఈతగాడంటే వేగంగా ఈదేవాడని ఇన్నాళ్లూ అనుకున్నాను. ఇతను ఈదడం లేదు. లోపల రాయి పట్టుకుని, నీళ్లు కాళ్లని ఎటు లాగుతాయా అని ఒక్కచోట కదలకుండా నిలబడి ఉంటాడు.

"పసుపు!" అని అరిచింది లోవలక్ష్మి.

అందరం అటు పరుగెత్తాం. మూసిన తలుపులకి ఇవతల, దిగువ కాలవలో రెండు బారల దూరాన, అడుగునుంచి పసుపు ముద్దలు ముద్దలుగా పైకి పొంగుతోంది. తలుపుల చెక్కల దగ్గర ఒక్క చుక్క లేదు. నీళ్లు తలుపుల కిందనున్న రాతి కట్టడాన్ని తొలుచుకుని పోతున్నాయి. ఆరు నెలలుగా వడ్రంగులు చెక్కలు మారుస్తున్నది దీనికోసం! దొర మోకాళ్ల మీద కూర్చుని చూసి, తన భాషలో ఏదో అన్నాడు. అది మాత్రం ఏ నిఘంటువూ లేకుండానే నాకు అర్థమైంది.

అవతల లోవరాజు తల పైకి తేలింది. మెట్టు పట్టుకుని ఊపిరి పీల్చుకుని, "మూల రాయి కిందండి. నా తల పట్టేంత ఉందండి" అన్నాడు. లోవలక్ష్మి అక్కడే కూలబడి, మొగుణ్ణి నోటికొచ్చినట్టు తిడుతూ ఏడ్చింది. నాకూ కళ్లు చెమర్చాయి. చెమరిస్తే చెమర్చాయి, దాచుకోవడం దేనికి?

దొర వరండాలోకి వెళ్లి ఉత్తరువు రాశాడు. నేను పక్కన నిలబడి చదివాను. లోవరాజు, ఈతగాడు, లాకు లస్కరుగా నియమించడమైనది. అంతే. ఈతగాడి ముందు ఏ విశేషణమూ లేదు. మూడు ఆరంట్‌లు పెట్టిన నా చేతికి ఆ ఖాళీ చూస్తే సిగ్గేసింది. నా ముఖం చూసి దొర లోపలికి వెళ్లి లావుపాటి నిఘంటువు తెచ్చాడు. "దీనిని ఇయ్యజాలను. ఆదివారములందు ఇచ్చటికి వచ్చి మీ పురుగులు తినిన భాగమును వ్రాసికొనుడు" అన్నాడు.

తిరుగు దారిలో పెద్దిరాజుగారు పడవలో తలపాగా విప్పి ఒళ్లో పెట్టుకున్నారు. "మూడేళ్లు దొంగలతో కలిపి సంతకం పెట్టించావు కదరా" అన్నారు.

"క్షమించండి బాబాయ్‌గారూ."

"క్షమించడానికేముంది, తూము వచ్చింది కదా" అని, ఉన్నట్టుండి పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. ఊరు చేరేదాకా ఆ నవ్వు ఆగలేదు. అనుకున్నట్టే సాయంత్రానికి ఊరంతా తెలిసింది. అనుకోనిది ఏమిటంటే, అరుగు తొక్కడం ఎవరూ మానలేదు. పైగా, "మాకు ఆ దొంగమాటే వెయ్యండి, దొరగారు ముందు మనదే చదువుతారంట" అని బతిమాలేవాళ్లు. నేను వెయ్యలేదు. రత్నమాణిక్యం మాత్రం నన్ను ఆరంట్ మొగుడని పిలవడం నేర్చుకుంది. అది సరైన వాడుకే కాబట్టి దిద్దలేకపోయాను.

ఎనిమిది ఆదివారాలు లాకు దగ్గరికి వెళ్లి మొదటి అక్షరం మొత్తం రాసుకున్నాను. ఆఖరి ఆదివారం, చివరి మాట రాసి కాగితాలు కట్టగట్టుకుని వస్తుంటే, లాకు పక్కన కొత్తగా కప్పిన పాకలోంచి లోవలక్ష్మి కేక వినబడింది. కాస్త ఒళ్లు చేసింది. బాగుచేసిన లాకులో నీళ్లు అంచుదాకా నిండి కదలకుండా ఉన్నాయి. లోవరాజు గట్టు మీద కూర్చుని వాటిని చూస్తున్నాడు.

"చూడండి బాబూ, పొద్దున్నుంచి అక్కణ్ణించి లెగడండి" అని నాతో చాడీ చెప్పింది. "పిలిచినా పలకడండి. గజ సోమరండి ఈయన!"

లోవరాజు నా వంక చూసి నవ్వాడు గానీ లేవలేదు. ఆమె సణుగుతూనే రెండు కంచాల్లో అన్నం పెట్టి తెచ్చింది. ఒకటి అతనికిచ్చి, రెండోది ఒళ్లో పెట్టుకుని అతని పక్కనే, నీళ్ల వైపు తిరిగి కూర్చుని తినసాగింది.